యారాలి చేయి

మొగులయ్య కట్టిన పాలకూర కట్ట మళ్లీ విడిపోయింది. ఆ పొద్దున అది నాలుగోది. భాగ్యమ్మ కూరను తన ముందుకు లాక్కుని, కాడలను నేలకు తట్టి సమం చేసి, తడిపిన వరిగడ్డి పరకను రెండు చుట్లు చుట్టి, మెలితిప్పి కొసను లోపలికి దూర్చింది. ముప్పై ఏళ్లుగా ఈ మెలిక వేయడంలో మామిడిపల్లి మొత్తంలో మొగులయ్యను మించినవాడు లేడు. బీడీ కాలుస్తూ, కబుర్లు చెబుతూ, కట్ట వంక చూడకుండానే కట్టేసేవాడు. ఇప్పుడు పరకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దీంతో ఏం చేయాలో ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఇగ కట్టలు కట్టుడు బంద్ పెట్టు," అన్నాడు ఉన్నట్టుండి, కాలు మీద కాలు వేసుకుని. "ఎయిర్‌పోర్ట్ మనదే గద. పూర్ణిమకొక ఇమానం రాసిస్త. నీకొకటి. నువ్వు పెద్దది తీస్కో, జర లావున్నవు."

నెత్తి మీదుగా ఒక విమానం చక్రాలు దించుకుని శంషాబాద్ వైపు వాలుతోంది. మొగులయ్య దానికి చేయి ఊపి, నిమ్మళంగా దించమని సైగ చేశాడు.

మొదట్లో భాగ్యమ్మకు నవ్వు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఎయిర్‌పోర్ట్ తెరిచి నాలుగేళ్లయింది. దాని కింద వాళ్లది ఒక్క గుంట కూడా పోలేదు కాబట్టి, భూమి పోయిన దిగులుతో మతి చెడిందని సరిపెట్టుకోవడానికీ లేదు. మొన్న శనివారం కూర వేసుకుని శంషాబాద్ అంగడికి ఆటోలో పోయిన మనిషి, ఎయిర్‌పోర్ట్ దారి మలుపులో దిగి, వచ్చే పోయే కార్లు ఆపి, మనిషికి రెండు కట్టల చొప్పున మొత్తం కూర పంచేశాడు. "ఇయ్యాల నా ఎయిర్‌పోర్ట్ పుట్టినరోజు, తినుండ్రి" అన్నాడట. పోలీసులు జీపులో తెచ్చి ఇంటి ముందు దించిపోయారు.

ఇది ఎవరి పనో భాగ్యమ్మకు తెలుసు. ఆమె కళ్లు మాటిమాటికీ పోతున్నది పక్కింటి గోడ మీదికే. గోడకు అవతల ఉన్నది యారాలు ముత్తమ్మ, మొగులయ్య అన్న భార్య. అన్న పోయి పదేళ్లు. రెండు నెలల కింద ఒకనాడు మొగులయ్య వదినె ఇంట్లో కూర్చుని సర్వపిండి తిని వచ్చాడు. మతి తప్పడం ఆనాటి నుంచే మొదలైందని భాగ్యమ్మ అందరికీ చెప్పింది. అంతకు ఏడాది ముందే అతను సొంత ఇంటి దారి మరిచి పహాడీ షరీఫ్ దాకా నడిచిపోయిన సంగతి ఆమెకు గుర్తుంది కానీ, దాన్ని ఎక్కడ కలపాలో తెలియక పక్కన పెట్టేసింది.

ముత్తమ్మ చేయి ఆమెకు కొత్త కాదు. మొదటి మూడు కానుపులూ ముత్తమ్మే చేసింది. ఇద్దరు పిల్లలు ఏడవకుండానే పోయారు. మూడోవాడు తొమ్మిది రోజులు ఏడ్చి పోయాడు. నాలుగో కానుపుకు భాగ్యమ్మను తల్లి తీసుకుపోయి పట్నం దవాఖానలో వేసింది. పూర్ణిమ పుట్టింది, బతికింది. ముత్తమ్మ ముట్టుకున్నవాళ్లు పోయారు, ముట్టుకోని పిల్ల బతికింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఊరు కూడా అదే అన్నది. ఇప్పుడు ఆ పూర్ణిమకు అయిదో నెల. తుక్కుగూడలో అత్తగారిల్లు, మొగుడు శివ ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబు నడుపుతాడు. తండ్రి వంతు అయిపోయింది, ఇక తరువాయి తన బిడ్డ కడుపేనని భాగ్యమ్మ గుండెలో రాయి పడింది.

ఆడబిడ్డ రేణుకమ్మ ఊరి పెద్ద ఇంటి నుంచి నేరుగా గేటు తీసుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది. "బాలమల్లు తాతతోటి మాట్లాడిన వదినె. ఐతారం పొద్దుగాల, పోచమ్మ గుడికాడ. తడిబట్టల మీద ప్రమాణం చెయ్యాలె పెద్దొదినె."

"ఒప్పుకున్నదా?"

"ఒప్పుకోక ఏడికి పోతది? ప్రమాణం చేసినంక అన్న మంచిగయితె సరే. కాకుంటె అబద్ధం ప్రమాణం చేసినట్టే. ఇగ ఊర్లె ఉండనియ్యరు." రేణుకమ్మ గొంతు తగ్గించింది. "ఫిర్యాదు నీ పేరు మీద చెప్పిన. మొగడు నీ మొగడు గద."

గోడ అవతల చీపురు చప్పుడు ఆగిపోయింది. ముత్తమ్మ వింటున్నది. విననీ అనుకుంది భాగ్యమ్మ.

"నా పేరు మీదనే ఉండనియ్యి," అన్నది, కావాలనే గట్టిగా.

*

మంగళవారం నాడు జల్‌పల్లి దాటినాక ఒక రేకుల షెడ్డు ముందు ఆటో దిగారు. పెట్టుడు మందు కక్కించే గోపయ్య దగ్గర అప్పటికే ఆరుగురు కూర్చుని ఉన్నారు. అందరూ ఎవరో ఒకరి చేతి అన్నం తిని చెడిపోయినవాళ్లే. వాళ్ల పక్కన చెడగొట్టినవాళ్ల పేర్లు చెప్పే చుట్టాలు. భాగ్యమ్మకు అక్కడ ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

పూర్ణిమ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది. ఆమె రానంటే రాననే అన్నది. తల్లి ఒక్కతే బాపును పట్టుకోలేదని వచ్చింది.

గోపయ్య ఏదో ఆకు పసరు సత్తు గ్లాసులో పోసి ఇచ్చాడు. మొగులయ్య బుద్ధిగా తాగి, "మంచిగున్నది, నిన్ను మా ఎయిర్‌పోర్ట్‌ల మేనేజర్‌ను జేస్త" అన్నాడు. రెండు నిమిషాల తర్వాత కడుపు పట్టుకుని వంగి పేగులు తెగేటట్టు కక్కాడు. గోపయ్య పుల్లతో కలియబెట్టి ఒక నల్లటి ఉండను పైకి తీశాడు.

"సూడుండ్రి. ఆడమనిషి చేతి మందు. పరాయిది గాదు, దగ్గరి సుట్టమే."

భాగ్యమ్మ ముందుకు వంగి ఆ ఉండను చూసింది. పేరు చెప్పకుండానే ఎట్లా తెలిసింది?

"నిన్న రాత్రి తిన్న గోంగూర అది," అన్నది పూర్ణిమ.

"నోర్ముయ్."

"అమ్మా, ఈడ కూసున్నోళ్లల్ల దూరపోళ్లు పెట్టిండ్రన్నోళ్లు ఒక్కళ్లన్న ఉన్నరా? అందరికి దగ్గరి సుట్టమనే సెప్తడు ఈయన."

గోపయ్య వినిపించుకోనట్టు పక్కవాళ్ల వైపు తిరిగాడు. మొగులయ్య మట్టిలో కూర్చుండిపోయి, తన లుంగీ తడిసి ఉండడం చూసుకుని చిన్నపిల్లాడిలా బిక్కమొహం పెట్టాడు. అది కక్కుకున్న తడి కాదు. కూతురు అటు తిరిగింది. భాగ్యమ్మ తన తువ్వాలు తీసి అతని నడుముకు చుట్టి, లేపి నిలబెట్టే లోపల మనసులో ముత్తమ్మను తిట్టని తిట్టు లేదు.

ఆటోలో పూర్ణిమ అన్నది, "నీ మందు అయిపోయింది గద. రేపు నా మాట ఇనాలె. దవాఖానకు పోదాం."

ప్రమాణం నాటికి దవాఖానలో రోగం ఏమీ లేదని కాగితం ఇస్తే, ముత్తమ్మకు తప్పించుకునే దారి ఉండదు. భాగ్యమ్మ అందుకే సరేనన్నది.

*

పట్నం పెద్ద దవాఖానలో డాక్టరమ్మ కోస్తా మనిషి. మర్యాదగా, పొడి పొడిగా మాట్లాడింది. బుధవారం నాడు మొగులయ్యను పేరు రాయమంది. అతను కలం పట్టుకుని గీతలు గీసి, గర్వంగా కాగితం అందించాడు. నాలుక చాపమంటే చాపిన నాలుక వణికింది. కళ్లలోకి టార్చి వేసి చూసి, ఆర్పి, మళ్లీ వేసి చూసింది. వెలుగు పడినా కంటిపాప ముడుచుకోలేదు. అప్పుడు ఆమె ముఖంలో ఏదో మారడం భాగ్యమ్మ గమనించింది. మనసులో పెట్టుకుంది. రక్తం తీశారు. వెన్నులోంచి నీళ్లు తీశారు. తల్లి రక్తమూ కూతురి రక్తమూ కూడా తీసుకున్నారు. రోగం ఆయనకైతే మా రక్తం ఎందుకని భాగ్యమ్మ అడిగింది. శనివారం రమ్మన్నారు.

శనివారం డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేసింది. మొగులయ్య కుర్చీలో కూర్చుని బల్ల మీది స్టెతస్కోపును సవరదీస్తున్నాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. పెళ్లయిన కొత్తలో మీకు బిడ్డలు పోయారా?"

భాగ్యమ్మ కూతురి వైపు కొరకొరా చూసింది. ఇంటి గుట్టు చెప్పి పెట్టిందన్నమాట. పూర్ణిమ తల అడ్డంగా ఊపింది.

"ముగ్గురు పోయిండ్రు. అది మా యారాలు..."

"ఎవరూ ఏమీ చేయలేదమ్మా. ఇది సిఫిలిస్ అనే జబ్బు. మన వాళ్లు సుఖరోగం అంటారు. పాతకాలంలో సవాయి అనేవారు. ఈయనకు చాలా ఏళ్ల కింద, బహుశా పెళ్లికి కాస్త ముందు అంటింది. మొదట ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. మందు వేసినా వేయకపోయినా నెల రోజుల్లో అదే మానిపోతుంది. మానిందని మనిషి మరిచిపోతాడు. జబ్బు మాత్రం లోపలే ఉండిపోతుంది. భార్యకు అంటుతుంది. కడుపులో బిడ్డలను తీసేస్తుంది. ఇరవై ముప్పై ఏళ్లకు కొందరిలో మెదడును పాడు చేస్తుంది. మతిమరుపు, చేతులు వణకడం, లేని గొప్పలు చెప్పుకోవడం అన్నీ దానివల్లే."

భాగ్యమ్మకు మాటలన్నీ వినబడుతున్నాయి, అర్థం మాత్రం ఒక్కటొక్కటిగా వస్తున్నది. ఈమె ఎవరి తరఫున మాట్లాడుతున్నదో అని మొదట అనుమానపడింది. తర్వాత అనుమానపడడానికి ఎవరూ దొరకలేదు.

"మరి నేనెట్ల బతికిన?" అన్నది పూర్ణిమ.

"అదే నేనూ అమ్మను అడగబోతున్నాను. నీ రక్తం శుభ్రంగా ఉంది, నీ బిడ్డకు ఏ భయమూ లేదు. అమ్మ రక్తంలో పాత జబ్బు ఆనవాలు ఉంది కానీ జబ్బు లేదు. ఎప్పుడో వైద్యం జరిగింది. నాలుగో గర్భంలో మీకు తుంటికి పెద్ద సూదులు వేశారా అమ్మా?"

వేశారు. మూడు వారాలు, వారానికొకటి. మందు చిక్కగా ఉండి సూదిలోంచి దిగేది కాదు. రెండు రోజులు కూర్చోవడానికి వచ్చేది కాదు. తెల్ల టోపీ నర్సు, "రక్తంల దోషమున్నది, నీ పెనిమిటిని తీస్కరా, ఆయనకు గూడ ఎయ్యాలె" అన్నది. పక్క మంచం ఆమెకు వినబడకుండా మెల్లగా అన్నది. అందుకే భాగ్యమ్మకు ఇంకా సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకోలేదు.

"నీకు తెల్సా?" అన్నది పూర్ణిమ.

"దోషమన్నరు. గంతే. గంతకంటె తెల్వదు."

"బాపుకు చెప్పినవా?"

"ఒక్కసారి చెప్పిన. నాకు రోగం అంటగడుతవా అని కూసున్న పీట ఎత్తి ఇసిరిండు. ఇగ మళ్ల చెప్పలే."

డాక్టరమ్మ సోమవారం చేర్పించమన్నది. పద్నాలుగు రోజులు, రోజుకు ఆరుసార్లు పెన్సిలిన్ రక్తంలోకి ఎక్కించాలి. ఇంతకంటే దిగజారకుండా ఆగవచ్చు. పోయినదాంట్లో ఎంత వెనక్కి వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నది. మొగులయ్య మెచ్చుకోలుగా తల ఊపి, డాక్టరమ్మకు ఒక రన్‌వే రాసిచ్చాడు.

బయట బెంచీ మీద తల్లీ కూతురూ కూర్చున్నారు. పూర్ణిమ రెండే మాటలు అన్నది.

"మరి పెద్దమ్మ?"

*

ముత్తమ్మ అరుగు మీద చేట ముందేసుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నది. భాగ్యమ్మ ఆ ఇంటి వాకిట్లోకి అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో. అరుగు మీద కూర్చోవాలో నిలబడాలో తెలియక స్తంభం పట్టుకుని నిలబడింది.

"అక్కా, రేపు రాకు."

ముత్తమ్మ తల ఎత్తలేదు. ఒక మిరపకాయ, ఒక తొడిమ. "ఎందుకు?"

"ఆయనకు జర నయమైంది. బాలమల్లు మామకు నేను చెప్త."

"పొద్దుగాల గోడ మీదికెంచి నాకు ఇమానం ఇస్తనన్నడు. గిదేనా నయం?"

"దవాఖానల తేలింది. ఒంట్లె రోగమట. ఎవ్వరు ఏం చెయ్యలేదట."

"గది ఎవలెవలికి తెల్సు?"

"నాకు. పూర్ణిమకు."

"ఊరికి?"

ఊరికి చెబితే సాయంత్రానికి తుక్కుగూడలో శివ తల్లికి తెలుస్తుంది. రక్తం శుభ్రమని డాక్టరమ్మ చెప్పిన మాట ఆ ఇంటి దాకా పోదు, జబ్బు పేరు ఒక్కటే పోతుంది. పూర్ణిమ కడుపును చూసినప్పుడల్లా వాళ్లకు అదే గుర్తొస్తుంది. ఇదంతా భాగ్యమ్మ దవాఖాన నుంచి మామిడిపల్లి దాకా బస్సులో ఆలోచించుకుంటూనే వచ్చింది. ప్రమాణం ఏదో ఒక సాకుతో ఆగిపోతే ఎవరికీ నష్టం ఉండదని తేల్చుకుంది. ముత్తమ్మ నష్టం ఆమెకు ఆ లెక్కలో కనబడలేదు.

"పానం బాగలేదని చెప్పక్కా. నేను సర్దుత."

ముత్తమ్మ చేతిలో మిరపకాయ చేటలో పడేసింది. "గట్లయితె ముత్తమ్మ బుగులువడి రాలేదంటరు. మా అత్త నేర్పిన పని నాది. ఈ ఊర్లె సగం మంది నా చేతుల వడ్డోళ్లే. నీ మూడో పిల్లగాడు పోయినంక ఒక్క కానుపుకు నన్ను పిల్వలే. తొట్టెల కాడికి పోతె పిల్లను లోపలికి తీస్కపోతరు. మొన్న నా మనుమరాలు పుడితె, నా కడుపుల పుట్టిన బిడ్డనే అమ్మా జర ఆగు, మా అత్త సూస్తున్నది, ముట్టకు అన్నది." ఆమె గొంతు పెరగలేదు. "నేనొస్త. తడుస్త. నువ్వు చెప్పేదేమన్న ఉంటె ఆడ చెప్పు. గీడ నా చెవుల చెప్తె నాకేమొస్తది?"

మళ్లీ ఒక మిరపకాయ తీసింది. ఘాటుకు భాగ్యమ్మ కళ్లు మండాయి. ఘాటుకేనని ఆమె అనుకుంది.

*

ఆదివారం పొద్దున పోచమ్మ గుడి ముందు నలభై మంది దాకా చేరారు. మగవాళ్లు మోటారు సైకిళ్ల మీద, ఆడవాళ్లు గోడ నీడన. కుర్చీలో బాలమల్లు తాత. అతని పక్క కుర్చీలో మొగులయ్య, తెల్లచొక్కా వేసుకుని, తన కోసమే మీటింగు పెట్టినట్టు అందరికీ దండాలు పెడుతూ. పూర్ణిమ తండ్రి వెనుక నిలబడింది. రాత్రి తల్లికి ఏమీ చెప్పలేదు, చేయమనీ చేయవద్దనీ అనలేదు. ఆ మౌనమే భాగ్యమ్మను ఎక్కువగా తిన్నది.

ముత్తమ్మ నడిచి వచ్చి గుడి ముందు బండ మీద నిలబడింది. రేణుకమ్మ బిందె ఎత్తి తల మీద పోసింది. రెండో బిందె. బోరు నీళ్లు చల్లగా ఉంటాయి, ముసలి భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. చీర ఒంటికి అంటుకుపోయి, డొక్కలు కనబడుతున్నాయి. అరవై ఏళ్లు దాటిన మనిషిని అట్లా నలుగురి ముందు నిలబెట్టడం ఏమిటని ఒక్కరికీ తోచలేదు. తోచినవాళ్లు నేల చూపులు చూశారు. బాలమల్లు తమలపాకు మీద కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశాడు.

"ముట్టియ్యకు మామా," అన్నది భాగ్యమ్మ.

తన గొంతు తనకే పరాయిదిగా వినబడింది. అందరూ అటు తిరిగారు.

"అక్క ఏం చెయ్యలే. ఆయనది రోగం. దవాఖానల రక్తం సూసి చెప్పిండ్రు. సుఖరోగమట. లగ్గానికి ముందే అంటిందట. నా పిల్లలు ముగ్గురు గూడ గా రోగంతోటే పోయిండ్రు. అక్క చేతుల లేదు, నా కడుపులనే ఉండె. పూర్ణిమ కడుపుల ఉన్నప్పుడు నాకు సూదులిచ్చిండ్రు, గందుకే బతికింది. దాని రక్తం సాఫుగున్నదని కాయితమున్నది." ఊపిరి తీసుకుంది. "నా రక్తంల దోషమున్నదని గప్పుడే చెప్పిండ్రు. నేను దాచిన. నిందంత అక్క మీద పడుతుంటె ఊకున్న."

ఒక విమానం నెత్తి మీదుగా పోయింది. మొగులయ్య దానికి చేయి ఊపాడు.

మొదట తేరుకున్నది రేణుకమ్మ. బిందె ఇంకా చంకలోనే ఉంది. "రోగం ఇద్దరికి ఉండెనంటున్నవు. ముందుగాల సూదులు వడ్డది నీకు. మరి ముందుగాల రోగం ఎవలిది వదినె? మా అన్నకు ఏడికెంచి వచ్చింది?"

గోడ నీడన గుసగుస లేచింది. భాగ్యమ్మకు ఆ గుసగుస బాగా తెలుసు. పాతికేళ్లుగా అది పక్కింటి మీదికి పోతుంటే తానూ అందులో గొంతు కలిపింది. ఈసారి దారి మళ్లి తన మీదికే వస్తున్నది.

బాలమల్లు గొంతు సవరించుకున్నాడు. "మాట వచ్చినంక తెగాలె గద బిడ్డా. గట్లయితె ప్రమాణం నువ్వు చెయ్యాలె. పరాయి మొగోడిని ఎరగనని."

భాగ్యమ్మ మొగుడి ముందుకు పోయి మోకాళ్ల మీద కూర్చుని అతని రెండు చేతులూ పట్టుకుంది. లోకంలో ఈ సంగతి తెలిసిన మనిషి అతనొక్కడే.

"చెప్పు. లగ్గానికి ముందు ఏడికి పోయినవు? ఎవల దగ్గరికి పోయినవు? ఒక్క మాట చెప్పు."

మొగులయ్య ఆమె ముఖంలోకి ప్రేమగా చూశాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి నుదురు ముడిచాడు. ఏదో దొరికినట్టే ఉంది. పెదవులు కదిలాయి.

"ఇమానంల పోయిన," అన్నాడు.

ఎవరో కుర్రవాళ్లు నవ్వారు. పూర్ణిమ ఏడుపు ఆపుకోలేక ముఖం కప్పుకుంది. భాగ్యమ్మ లేచి వచ్చి బండ దగ్గర నిలబడింది. కోపం కూడా రాలేదు. చేసిన అన్యాయానికి ఇది తక్కువే అనిపించింది. రేణుకమ్మ బిందె నిండా నీళ్లు ముంచుకుని ఎత్తింది.

"దించు రేణుకా," అన్నది ముత్తమ్మ.

ఆమె పళ్లు చలికి కొట్టుకుంటున్నాయి. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "మీ చిన్నన్న లగ్గానికి రెండు నెలల ముందు, టమాట లారీ ఎక్కి పోయి పదిహేను దినాలకు వచ్చిండు. చాటుకు పుండు అయింది. మీ పెద్దన్నకు చెప్పుకుని ఏడ్చిండు. ఎవల దగ్గర ఏదో పొడి తెచ్చిండ్రు, నేనే నెయ్యిల కలిపి ఇచ్చిన. మూడు వారాలకు మానింది. మానింది గద అని లగ్గం చేసినం. గప్పటికి భాగ్య ఈ ఊరి మొకం గూడ సూడలే." బాలమల్లు వైపు తిరిగింది. "కర్పూరం ముట్టియ్యి మామా. తడిసే ఉన్న. ఈ మాట మీద ప్రమాణం చేస్త."

బాలమల్లు అగ్గిపెట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పి, జేబులో వేసుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు. ఎవరూ తీర్పు ఏమీ చెప్పలేదు. మోటారు సైకిళ్లు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. పోతూ పోతూ ఆడవాళ్లు పూర్ణిమ కడుపు వైపు ఒక చూపు చూసే పోయారు. ఆ చూపులు ఇక ముందు ఎంతకాలం మోయాలో భాగ్యమ్మకు తెలుసు, పూర్ణిమకూ తెలుసు. రేణుకమ్మ బిందెలో నీళ్లు ఏం చేయాలో తెలియక బండ పక్కన ఒంపేసి, అన్నను చేయి పట్టి లేపింది.

గుడి ముందు ఇద్దరే మిగిలారు. ముత్తమ్మ చీర కొంగు పిండుకుంటున్నది.

భాగ్యమ్మకు కాళ్ల మీద పడాలని ఉంది. దాని కంటే ముందు కోపం తన్నుకొచ్చింది. "పుండు సంగతి నీకు తెల్సు. నా పిల్లలు ఒక్కొక్కళ్లు పోతుంటె నీకు ఎన్నడన్న మనసుల మెదల్లేదా అక్కా?"

"మెదిలింది. రెండోది పోయినప్పుడే మెదిలింది."

"మరి ఎందుకు చెప్పకపోతివి? నీ మీదికొచ్చినప్పుడన్న ఎందుకు చెప్పకపోతివి?"

ముత్తమ్మ ఆమెను వింతగా చూసింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"నాకు తెల్సింది పుండొక్కటే. తక్కినదంత అనుమానమే గదనే. అనుమానం వట్టుకొని ఒకళ్ల పేరు నలుగుట్ల ఎట్ల తీస్త?"

భాగ్యమ్మ తనకు రావలసిన తిట్లు, శాపనార్థాలు, చెంపదెబ్బ, అన్నింటికీ సిద్ధపడి వచ్చింది కానీ దీనికి సిద్ధపడలేదు. బండకు అడ్డంగా అట్లాగే నిలబడిపోయింది.

"జరుగు," అన్నది ముత్తమ్మ. "సలి వెడుతున్నది. చీర మార్సుకోవాలె."

భాగ్యమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.